పాత ప్రాజెక్టు తెరుచుకోని రోజు

మా స్నేహితుడొకడు ఆరేళ్లుగా బుర్రకథ కళాకారుల వెంట కెమెరా పట్టుకుని తిరుగుతున్నాడు. ఇంకో నాలుగేళ్లయినా పడుతుందంటాడు. మొన్న ఫోన్ చేసి, "నువ్వు సాఫ్ట్‌వేర్ వాడివి కదరా, చెప్పు. ఎవిడా, ప్రీమియరా, ఫైనల్ కట్టా, డావించీ రిజాల్వా? దేంట్లో ఎడిట్ చేయమంటావ్?" అన్నాడు.

నేను ఎడిటర్‌ని కాను. సినిమాలు చూసి నాలుగు మాటలు రాసుకునేవాణ్ణి. కానీ వాడి ప్రశ్న వినగానే నాకు ఫీచర్ల పట్టిక గుర్తుకు రాలేదు, 2011 జూన్ 21 గుర్తుకొచ్చింది. ఆ రోజు సంగతి చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

ఫిల్మ్‌ని చేత్తో కోసి అతికించే కాలం నుంచి కంప్యూటర్‌కి మారడం ఒక్క రోజులో జరగలేదు. 1989లో ఎవిడ్ కంపెనీ మొదటి యంత్రం వచ్చింది. 'ది ఇంగ్లిష్ పేషెంట్' ఎడిటింగ్‌ని ఫిల్మ్ మీద మొదలుపెట్టిన వాల్టర్ మర్చ్ మధ్యలో ఎవిడ్‌కి మారాడు. 1997లో ఆ సినిమాకి ఎడిటింగ్ ఆస్కార్ వచ్చింది. కంప్యూటర్ మీద ఎడిట్ చేసిన సినిమాకి ఆ బహుమతి రావడం అదే మొదలు. అయితే అప్పట్లో ఎవిడ్ సిస్టమ్ కొనాలంటే పదుల వేల డాలర్లు కావాలి. స్టూడియోలకే చెల్లింది.

ఆ ధర గోడని కూల్చినవాళ్లలో ముఖ్యుడు ర్యాండీ యూబిలోస్ అనే ప్రోగ్రామర్. అడోబీ ప్రీమియర్ తొలి వెర్షన్లు రాసింది ఆయనే. తర్వాత మాక్రోమీడియాకి వెళ్లి ఇంకోటి మొదలుపెట్టాడు. దాన్ని ఆపిల్ కొనుక్కుని 1999లో ఫైనల్ కట్ ప్రో పేరుతో 999 డాలర్లకి అమ్మింది. అదే మర్చ్ దాంతో 2003లో 'కోల్డ్ మౌంటెన్' ఎడిట్ చేశాడు, బజారులో ఎవరైనా కొనుక్కోగల మాక్ కంప్యూటర్ల మీద. 2011 ఫిబ్రవరిలో 'ది సోషల్ నెట్‌వర్క్' ఎడిటర్లు ఆస్కార్ అందుకున్నారు. వాళ్లూ వాడింది ఫైనల్ కట్టే.

దాదాపు నాలుగు నెలలకి ఫైనల్ కట్ ప్రో టెన్ విడుదలైంది. ధర 300 డాలర్లు. దీని వెనకా యూబిలోసే ఉన్నాడు. అయితే అది పాత ఫైనల్ కట్ 7 ప్రాజెక్టుల్ని తెరవలేదు. మల్టీక్యామ్ లేదు. సౌండ్ వాళ్లకీ కలర్ వాళ్లకీ పని అప్పగించడానికి కావలసిన ఎక్స్ఎమ్ఎల్, ఈడీఎల్ ఎగుమతులు లేవు. అదే రోజు పాత వెర్షన్ అమ్మకం ఆపేశారు. సగం పని చేసి పెట్టుకున్నవాడికి ఎంత దడ పుట్టి ఉంటుందో ఊహించండి. అడోబీ, ఎవిడ్ వెంటనే డిస్కౌంట్లు పట్టుకుని తలుపు దగ్గర నిలబడ్డాయి.

ఇంజినీరుగా నేను ఆపిల్‌ని పూర్తిగా తప్పుపట్టలేను. పాతది 32 బిట్ కోడ్. యంత్రంలో ఎంత మెమొరీ ఉన్నా నాలుగు జీబీ దాటి వాడుకోలేదు. తిరగరాయక తప్పదు. పైగా కొత్తదాంట్లో ట్రాకులే లేవు. క్లిప్పులన్నీ ఒక ప్రధాన వరుసకి అతుక్కుని ఉంటాయి. పాత ప్రాజెక్టుని అందులోకి మార్చితే ఏదో ఒకటి పోతుంది. అదంతా నిజమే. కానీ కొత్త ఇల్లు కట్టేవాడు పాత ఇంటికి ఆ రోజే తాళం వేయనక్కర్లేదు కదా. సెప్టెంబరుకి ఎక్స్ఎమ్ఎల్, మరుసటి జనవరికి మల్టీక్యామ్ వచ్చాయి. అప్పటికే చాలామంది సర్దుకుని వెళ్లిపోయారు. 'ది సోషల్ నెట్‌వర్క్' ఎడిటర్లలో ఒకడైన కర్క్ బాక్స్‌టర్ 2014లో 'గాన్ గర్ల్'ని ప్రీమియర్ మీద ఎడిట్ చేశాడు.

వెళ్లనివాళ్లూ ఉన్నారు. 2019లో వచ్చిన 'పారసైట్'ని యాంగ్ జిన్‌మో ఎడిట్ చేసింది ఫైనల్ కట్ 7 మీదే, దాని అమ్మకం ఆగిన ఎనిమిదేళ్లకి! అప్పటికే మాక్‌ల కొత్త సిస్టమ్‌లలో అది నడవడం మానేసింది. దాని కోసం పాత యంత్రాన్ని పాతగానే కాపాడుకోవాలి. చేయి తిరిగిన పనిముట్టుకి అంత విలువ ఉంది. అంత ఖర్చూ ఉంది.

ఈ కథలో నాకు బాగా నచ్చిన పాత్ర ఈడీఎల్. 1971లో సీబీఎస్, మెమొరెక్స్ కలిసి సీఎమ్ఎక్స్ అనే కంపెనీ పెట్టి, కంప్యూటర్‌తో ఎడిటింగ్ చేసే తొలి యంత్రం తయారుచేశాయి. ఆ కంపెనీ ఎప్పుడో పోయింది. అది వాడిన కట్‌ల జాబితా మాత్రం ఇవాళ్టికీ బతికే ఉంది. మామూలు టెక్స్ట్ ఫైలు: ఏ రీలు, ఎక్కడ మొదలు, ఎక్కడ ఆఖరు. అంతే. ఎఫెక్టులు, రంగులు అందులో నిలవవు. కానీ నోట్‌ప్యాడ్‌లో తెరిచి మనిషి చదవగలడు. రిజాల్వ్, ప్రీమియర్, ఎవిడ్ అన్నీ చదువుతాయి.

అందుకే మావాడికి ఇలా చెప్పా: "నీ చేయి తిరిగినదాంట్లో చేసుకో. కొత్తగా నేర్చుకునేదైతే రిజాల్వ్ ఉచిత వెర్షన్‌తో మొదలుపెట్టు. ఏదైనా సరే, ఒక్కో భాగం అయినప్పుడల్లా ఎక్స్ఎమ్ఎల్, ఈడీఎల్, మంచి క్వాలిటీ వీడియో ఒకటి తీసి విడిగా దాచు. ఒరిజినల్ ఫైళ్ల పేర్లు మార్చకు."

"ఇదంతా ఎందుకురా? ఒక పేరు చెప్తే సరిపోయేది కదా!" అని విసుక్కున్నాడు.

వాడు షూట్ చేసిన కథకుల్లో ఇద్దరు ఇప్పుడు లేరు. ఆ షాట్లు మళ్లీ తీయలేడు. పేరు చెప్పడం నాకు నిమిషం పని. నాలుగేళ్ల తర్వాత ఆ ప్రాజెక్టు తెరుచుకోకపోతే వాడికి ఏం చెప్పను?