కొత్త బోరు, కొండ దారి

అరవై, డెబ్బై దశకాల్లో మన రోడ్ల మీద తిరిగిన కొన్ని కార్ల వెనకద్దానికి ‘రన్నింగ్ ఇన్’ అని రాసిన కాగితం అంటించి ఉండేది. ఇంజన్ కొత్తది, లేదంటే అరిగిన సిలిండర్లను కోయించి కొత్తగా బోరు చేయించినది, మేం నెమ్మదిగా పోతున్నాం, మీరు దాటుకుని పొండి అని వెనక వచ్చేవాళ్లకు అదొక మనవి. బ్రిటన్‌లో పుట్టిన ఆ అలవాటు మోరిస్ కార్ల వెంట మనదాకా వచ్చింది. ఇప్పుడా కాగితం ఎక్కడా కనిపించదు. పాత అంబాసిడరో, పద్మినో కొని, ఇంటి షెడ్డులో ఇంజన్ దించి, నెలల తరబడి చేతులు నల్లగా చేసుకునే కుర్రాళ్లు మాత్రం ఉన్నారు. ఇంజన్ మళ్లీ ఎక్కించాక వాళ్ల ముందు నిలిచేది ఆ కాగితం నాటి ప్రశ్నే: తొలి వెయ్యి కిలోమీటర్లు బండిని ఎలా నడపాలి?

ఇంజన్ ఎంత గట్టిదో తేల్చడానికి తిరుపతి వాళ్లకు ఎదురుగానే కొండ ఉంది. 1944 ఏప్రిల్ 10న మద్రాసు గవర్నరు ఆర్థర్ హోప్ తిరుమల మొదటి ఘాట్ రోడ్డును ప్రారంభించారు. దాని రూపకల్పన మోక్షగుండం విశ్వేశ్వరయ్యది. అంతకుముందు కొండెక్కాలంటే నడక, కాదంటే డోలీ. సుమారు 19 కిలోమీటర్ల దారి, 36 హెయిర్‌పిన్ మలుపులు, దాదాపు 700 మీటర్ల ఎత్తు. 1974లో రెండో ఘాట్ రోడ్డు వచ్చేదాకా ఎక్కడమైనా దిగడమైనా ఆ ఒక్క దారినే. పాతది ఇప్పుడు దిగడానికి, ఆరే హెయిర్‌పిన్ మలుపులున్న కొత్తది ఎక్కడానికి. ఎక్కేటప్పుడు సెకండ్ గేరులో ఇంజన్ గుక్కతిప్పుకోకుండా లాగుతుంది. దిగేటప్పుడు యాక్సిలేటరు మీద కాలు తీసేస్తే, అదే గేరులో బండిని ఇంజనే పట్టి ఆపుతుంది. ఈ రెండు పనులనూ మనసులో ఉంచుకోండి. అసలు సంగతి వీటిలోనే ఉంది.

ఆ కొండెక్కిన ట్యాక్సీల్లో పెద్ద పీట అంబాసిడర్‌ది. హిందుస్థాన్ మోటార్స్ దాన్ని 1957లో మోరిస్ ఆక్స్‌ఫర్డ్ అచ్చులో ఉత్తరపారాలో మొదలుపెట్టింది. 1959 నుంచి 1489 సీసీ ఇంజన్ వేసింది. 73 మిల్లీమీటర్ల బోరు, 89 మిల్లీమీటర్ల స్ట్రోకు, నాలుగు సిలిండర్లు. వేగం పెద్దగా లేకపోయినా ఎన్నిసార్లు విప్పి బిగించినా పలికే ఇంజన్. సిలిండరు అరిగి ఆయిల్ తాగడం మొదలుపెడితే బ్లాకును లేతుకు పంపి కొద్దిగా పెద్దదైన ట్వంటీ సైజుకు, అదీ అరిగితే ఇంకా పెద్ద ఫార్టీ సైజుకు బోరు చేయించేవాళ్లు. ఆ లావుకు తగిన పిస్టన్లు, రింగులు కొత్తవి పడేవి. ఈ విషయంలో తిరుపతి అప్పుడున్న చిత్తూరు జిల్లా అదృష్టం చేసుకుంది. ఒక వైపు మద్రాసు సెంబియంలో 1949లో వెలసిన ఇండియా పిస్టన్స్, ఇంకో వైపు బెంగళూరులో 1951లో మొదలైన మైకో కంపెనీ ప్లగ్గులు. ఏ సామాను కావాలన్నా రాత్రి బస్సెక్కితే తెల్లారి చేతిలో ఉండేది.

బోరు చేసి వచ్చిన బ్లాకును వెలుతురు కిందికి తెచ్చి లోపలికి చూడండి. సిలిండరు గోడ అద్దంలా నున్నగా ఉండదు, ఉండకూడదు కూడా. హోనింగ్ రాళ్లు గీసిన సన్నటి గీతలు ఏటవాలుగా ఒకదాన్నొకటి కోసుకుంటూ అల్లికలా కనిపిస్తాయి. వేలు పెడితే లీలగా గరుకు. గీతల లోతుల్లో ఆయిల్ నిలుస్తుంది, అంచులు కొత్త రింగును ఆకురాయిలా రుద్దుతాయి. అలా గోడా రింగూ ఒకదాన్నొకటి అరగదీసుకుని సరిగ్గా కూర్చోవడమే రన్నింగ్ ఇన్. అయితే రింగు తనకున్న స్ప్రింగు బిగువుతోనే గోడకు గట్టిగా ఆనదు. మండిన గ్యాసు రింగు వెనక సందులోకి దూరి బయటికి నెడితేనే ఆనుతుంది. గ్యాసు ఒత్తిడి పెరగాలంటే ఇంజన్ మీద లోడు పడాలి.

ఇక్కడే చాలామంది పొరపడ్డారు. నాటి మోరిస్ హ్యాండ్‌బుక్కులు తొలి 500 మైళ్ల గురించి చెప్పిన జాగ్రత్తలు ఒకటి కాదు. వేగం హద్దు దాటొద్దు, యాక్సిలేటరు అడుగంటా తొక్కొద్దు అన్నాయి. ఏ గేరులోనూ ఇంజన్‌ను మూలగనివ్వొద్దు అని కూడా అన్నాయి. మన డ్రైవర్లలో మొదటి మాట పాకినంతగా చివరి మాట పాకలేదు. కొత్త ఇంజన్ అంటే పసిబిడ్డ అనుకుని టాప్ గేరులో ముప్ఫై స్పీడున పాకించుకుంటూ పోయినవాళ్లు, గంటల తరబడి నిలబెట్టి ఐడిలింగులో తిప్పినవాళ్లు ఎందరో. లోడు లేకపోతే రింగు గోడకు ఆనదు. గీతల్లో నిలిచిన ఆయిల్ మాడి, గోడ మీద గాజులాంటి పొర కడుతుంది. ఆ పొర కట్టాక ఎన్ని వేల కిలోమీటర్లు తిప్పినా రింగు కూర్చోదు. సైలెన్సర్‌లోంచి నీలం పొగ, నెలనెలా ఆయిల్ ఖర్చు, చివరికి ఇంజన్ మళ్లీ దించడమే దిక్కు. ప్రేమతో చేసిన పనే ఇంజన్‌ను చెడగొట్టడం నాకు చాలా బాధగా ఉంటుంది.

ఘాట్ మీద బతుకు వెళ్లదీసిన మెకానిక్కులకు ఈ సంగతి పుస్తకం చదవకుండానే తెలుసు. “లోడియ్యాల నా, స్పీడియ్యగూడదు” అంటారు తిరుపతిలో. ఎక్కేటప్పుడు గ్యాసు రింగును గోడకు నొక్కుతుంది. దిగేటప్పుడు థ్రాటిల్ మూసుకుని సిలిండర్లో వాక్యూమ్ పెరుగుతుంది, అది కింది నుంచి కాస్త ఆయిల్‌ను పైకి లాగితే, ఆ ఆయిల్ అరిగిన ఇనుప రజనును కడుగుతుంది. ఎక్కుడూ దిగుడూ కలిస్తేనే పని పూర్తవుతుంది.

అలాగని బోరు చేసిన మర్నాడే తిరుమల ఎక్కించమని నేననను. బిగువుగా ఉన్న ఇంజన్ మామూలుకన్నా ఎక్కువ వేడెక్కుతుంది, మే నెల ఎండలో ఘాట్ మధ్య నీళ్లు మరిగితే హెడ్డు వంగుతుంది. పైగా ఎక్కడానికి 28 నిమిషాలకు, దిగడానికి 40 నిమిషాలకు తక్కువ పట్టకూడదన్న నియమం, భక్తుల రద్దీ ఉన్న దారి అది. తొలి రోజులకు చంద్రగిరి వైపు చదును రోడ్డు చాలు. థర్డ్ గేరులో నలభై నుంచి అరవైకి లాగడం, కాలు తీసేసి మళ్లీ నలభైకి రానివ్వడం, మళ్లీ లాగడం. ఆయిల్ ఒకసారి మార్చాక చలికాలం పొద్దున్నే భాకరాపేట ఘాటో, పలమనేరు దారిలో మొగిలి ఘాటో ఎక్కించవచ్చు.

రోడ్డెక్కకముందు ఇంకో గండం ఉంది. ఆ పాత ఇంజన్‌లో క్యామ్‌షాఫ్ట్, ట్యాపెట్లు ఒకదాని మీద ఒకటి రాసుకుంటూ తిరుగుతాయి. అవి కొత్తవైతే స్టార్టు చేసిన క్షణం నుంచి ఇరవై నిమిషాలు ఆర్‌పీఎం రెండు వేల దగ్గర నిలపాలి. క్యామ్ మీద పడే ఆయిల్‌లో చాలాభాగం క్రాంకు తిరుగుతూ చిమ్మేదే కాబట్టి ఐడిలింగులో అది చాలదు. ఆయిల్ మామూలు మినరల్‌ది, జింక్ పాలు ఎక్కువున్నది ఎంచుకోవాలి. క్యాటలిటిక్ కన్వర్టర్లు పాడవకుండా ఇప్పటి పెట్రోలు కార్ల ఆయిళ్లలో జింక్ తగ్గించారు. ఆ తొలి ఆయిల్‌ను త్వరగా దించేయాలి. తెల్ల గిన్నెలో పట్టి ఎండలో తిప్పి చూస్తే సన్నటి రజను మిలమిలలాడుతుంది. అది భయపడాల్సింది కాదు. గోటికి తగిలే ముక్కలు కనిపిస్తే మాత్రం ఆగి ఆలోచించాలి.

అంబాసిడర్‌కు 1990ల తొలినాళ్లలో ఇసుజు 1800 సీసీ ఇంజన్ వచ్చింది. అదే ఇసుజు తర్వాత మన పొరుగున తిరువళ్లూరులోని హిందుస్థాన్ మోటార్స్ ప్లాంటులో తన బండ్లు చేయించుకుని, 2016 ఏప్రిల్‌లో శ్రీసిటీలో సొంత ఫ్యాక్టరీ తెరిచింది. ఇప్పటి పెద్ద ఫ్యాక్టరీల్లో హోనింగ్ గీతల పదునైన అంచులను మిషన్లే ముందుగా చదును చేస్తాయి. కొత్త బండి కొన్నవాళ్లను మాన్యువల్ తొలి వెయ్యి కిలోమీటర్లు కాస్త చూసుకోమంటుంది, అంతే. షెడ్డులో బిగించిన ఇంజన్‌కు ఆ సౌకర్యం లేదు. లేతు మేస్త్రీ చేతిలోంచి వచ్చిన బోరు ఇవాళ్టికీ 1959 నాటి బోరే.

అయిదారు వందల కిలోమీటర్లు తిరిగాక ఇంజన్ చల్లబడనిచ్చి, హెడ్డు నట్లు మధ్యలోంచి అంచులకు వరసగా మళ్లీ బిగించి, ట్యాపెట్లు సరిచూసి, రెండో ఆయిల్ కూడా మార్చాలి. ఆ తర్వాత డిప్‌స్టిక్ మీద మట్టం వారం వారం రాసిపెట్టుకోవాలి. మట్టం దిగడం ఆగిపోయి, ఘాట్ దిగి కాలు మళ్లీ యాక్సిలేటరు మీద వేసినప్పుడు వెనక నీలం పొగ రాకపోతే, రింగులు కూర్చున్నట్టే.