పొట్టి వ్రేళ్ల వంశము

శిశువు వ్రేళ్లు కురుచవైన, గ్రహణవేళ తల్లి కత్తి పట్టినదని నిందించువారు మనలో నేటికిని కలరు. పాపము, ఆ తల్లి!

1903లో హార్వర్డు విశ్వవిద్యాలయమున విలియం ఫారబీ తన సిద్ధాంతవ్యాసమునకై పెన్సిల్వేనియాలోని యొక కుటుంబపు పలు తరములను పరిశీలించెను. వారి వ్రేళ్ల నడిమి యెముకలు మిక్కిలి పొట్టివి. లోపమున్నవారి బిడ్డలలో రమారమి సగముమందికి అది సంక్రమించెను. లోపము లేనివారి సంతతికి రాలేదు. మెండెల్ బఠాణీమొక్కలయందు కనుగొన్న నియమమే! బహిర్గత లక్షణము మానవులలో నిట్లు వచ్చునని చూపిన తొలి పరిశోధన యిది.

కారణము తెలియుటకు దాదాపు నూరేండ్లు పట్టెను. 2001లో చైనా శాస్త్రజ్ఞులు ఎముకల పెరుగుదలను నడపు ఐ.హెచ్.హెచ్. అను జన్యువునందు లోపము కనిపెట్టిరి. 2005లో ఫారబీ చూచిన వంశీయులలోను అదే జన్యువు చెడియున్నట్లు తేలెను. దాని రెండు ప్రతులలో ఒక్కటి చెడిన చాలును. అది తల్లినుండి రావచ్చును, తండ్రినుండియు రావచ్చును.