దెబ్బ ఎక్కడ పడవలె?

మొదటి ప్రపంచ యుద్ధకాలంలో, 1917లో, రాయల్ ఫ్లయింగ్ కోర్ కెనడా విభాగంలో శిక్షణ పొందుతున్న హ్యూ డీహేవెన్ అనే యువకుని విమానం మరొక విమానాన్ని ఢీకొని కూలిపోయినది. ఆయన బ్రతికినాడు గాని కాలేయమూ, క్లోమమూ చిట్లినవి. ఆసుపత్రిలో పడుకొని ఆలోచించగా తోచిన కారణం విచిత్రమైనది: రక్షణకై నడుముకు కట్టుకొన్న పట్టీ బకిలే పొట్టలో దిగినది. ప్రమాద గాయాల శాస్త్రానికి ఇట్లు పట్టీ చేసిన గాయమే నాంది అయినది.

డీహేవెన్ 1942లో, 50 మొదలు 150 అడుగుల ఎత్తునుండి పడి బ్రతికినవారిని గురించి ఒక వ్యాసం ప్రకటించినాడు. దెబ్బ ఎంత పెద్దదన్నది మాత్రమే కాదు, అది శరీరంలో ఎక్కడ, ఎంత మేర, ఎంతసేపు పడినదన్నదే ప్రాణాన్ని నిర్ణయిస్తుందని దాని సారాంశం.

గంటకు 50 కిలోమీటర్ల వేగంతో పోయే కారు గోడకు తగిలి ఆగినా, లోపలి మనిషి ఆగడు. అది సుమారు 10 మీటర్ల ఎత్తుగల మేడమీదనుండి పడినవాడు నేలను తాకే వేగము. స్టీరింగు పట్టుకొని నిలదొక్కుకోగలమనుకొనేవారు ఈ లెక్కను ఒకసారి చూడవలెను.

1950లలో కార్లలోకి వచ్చిన నడుముపట్టీ మనిషిని బయటికి ఎగిరిపోకుండ ఆపినది. అయితే అది పొట్టమీదికి జారినప్పుడు ప్రేవులను, వెన్నుపూసను గాయపరచేది. 1962లో వైద్యులు దీనికి ‘సీటుబెల్టు సిండ్రోమ్’ అని పేరే పెట్టినారు.

అప్పటికే స్వీడనులో పరిష్కారం సిద్ధమై ఉన్నది. విమాన చోదకులను ఆపత్సమయంలో బయటికి విసిరే ఆసనాలను సాబ్ కంపెనీలో రూపొందించిన నీల్స్ బోలిన్, 1958లో వోల్వోలో చేరి, 1959లో మూడుచోట్ల బిగిసే పట్టీని తెచ్చినాడు. భుజంమీదుగా రొమ్మును దాటి కటిని చుట్టే ఈ పట్టీ, దెబ్బను మెత్తని పొట్టనుండి తప్పించి ప్రక్కటెముకలకు, కటి ఎముకకు అప్పగిస్తుంది. దీనిని ఒంటిచేత్తో పెట్టుకొనవచ్చును. ఆ పేటెంటును ఇతర కంపెనీలు ఉచితంగా వాడుకొనుటకు వోల్వో అంగీకరించినది. వ్యాపారలోకంలో ఇది తరచు వినబడే మాట కాదు! 28,000 ప్రమాదాలను పరిశీలించి వోల్వో 1967లో ప్రకటించిన లెక్క ప్రకారం, గంటకు 60 మైళ్ళ లోపు వేగంలో పట్టీ కట్టుకొన్నవారెవ్వరూ చనిపోలేదు. కట్టుకొననివారు 12 మైళ్ళ వేగంలోనే ప్రాణాలు కోల్పోయినారు.

ఎయిర్‌బ్యాగు కథ వేరు. 1952లో అమెరికాలో జాన్ హెట్రిక్ దంపతులు, కారు అదుపు తప్పినప్పుడు, ముందు సీటులో తమ మధ్యనున్న కుమార్తెకు తమ చేతులు అడ్డుపెట్టినారు. ఆ చేతుల స్థానంలో గాలితిత్తి ఉంటే? ఆయన 1953లో పేటెంటు పొందినాడు. అది కార్లలోకి రావడానికి ఇరవై ఏండ్లు పట్టినది. పట్టీ కట్టుకొనని పెద్దమనిషిని సైతం ఆపవలెనన్న ఉద్దేశంతో అమెరికాలో ఆ తిత్తికి అధికమైన విసురు కల్పించినారు. అది కన్నుమూసి తెరచేలోపల విచ్చుకొనవలె. ఆ విసురుకు అడ్డంగా, మరీ దగ్గరగా ఉన్నవారికి అదే మృత్యువు. 1990 నుండి 2008 వరకు, పెద్ద వేగం లేని ప్రమాదాలలో, 290 మందికి పైగా ఎయిర్‌బ్యాగు దెబ్బకే చనిపోయినారని అమెరికా ప్రభుత్వ అంచనా. వారిలో పసిపిల్లలూ ఉన్నారు. నూటికి 80 మందికి పైగా పట్టీ కట్టుకొననివారు, లేదా సరిగా కట్టుకొననివారు. 1998 నమూనా కార్లనుండి ఆ విసురును తగ్గించినారు. పట్టీ మనిషిని తిత్తికి తగినంత దూరంలో నిలిపినప్పుడే తలకూ రొమ్ముకూ అది మెత్తని ఆసరా.

హెట్రిక్ కుమార్తె కూర్చున్న ఆ ముందు సీటులో నేడు ఆ వయసు పిల్లలను కూర్చుండబెట్టరాదని, వెనుక సీటులో పట్టీ కట్టి కూర్చుండబెట్టవలెనని నిపుణుల మాట.