రూ. 11-10-8: ఒక పాళెగాని వంశకథ

నంద్యాలనుండి ఆళ్లగడ్డకు పోవు త్రోవలో ఎడమవైపున నల్లమల కొండలు చాల దూరము తోడు వచ్చును. కుడివైపున కుందూనది తడుపు నల్లరేగడి నేలలు. ఈ నేలకే రేనాడని పేరు. ఆళ్లగడ్డకు పడమట ఉయ్యాలవాడ, దానికి ఎగువన కోవెలకుంట్ల, ఇంకను పడమటికి పోయిన నొస్సము. ఈ మూడు ఊళ్ల నడుమ నడచిన ఒక కుటుంబకథను నేడు శ్రోతలకు మనవి చేయదలచితిమి. కథానాయకుడు ఎవరికిని కొత్తవాడు కాడు, ఉయ్యాలవాడ నరసింహారెడ్డి. 2019లో వచ్చిన చలనచిత్రము ఆయన పేరును ఇంటింటికి చేర్చినది. 2021లో ఓర్వకల్లు విమానాశ్రయమునకు ఆయన పేరే పెట్టిరి. అయితే మేము చెప్పబోవునది కత్తి కథకంటె ముందు జరిగిన లెక్కల కథ.

1800లో నిజాము ఈ సీమను కుంఫిణీవారికి ఇచ్చివేసెను. దత్తమండలములను పేరు అట్లు వచ్చినదే. ఆ పేరు నచ్చక రాయలసీమ యని మార్చుకొన్నది కూడ 1928లో నంద్యాల సభలోనే. ప్రధాన కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో 1807 వరకు ఇచ్చట ఉండెను. ఆయన వచ్చునాటికి సీమలో 80 మంది పాళెగాండ్రు ఉండిరి. ఒక్కొక్కరికి ఒక కోట, కొంత కాల్బలము, ఊళ్లపై కావలి హక్కు. కప్పము కట్టుట వారి చిత్తము. పాళెగాండ్ర యేలుబడి రైతుకు సుఖముగా నుండెనని మేము చెప్పజాలము. పొరుగు పాళెముతో కయ్యము వచ్చినపుడెల్ల తగులబడినది రైతు గడ్డివామియే. మన్రో వారి ఆయుధములు దించించి, బంట్లను చెదరగొట్టి, లొంగినవారికి నెలసరి పింఛను ఏర్పాటు చేసెను.

ఇక్కడినుండి మన కథ మొదలు. అంతకు పూర్వము పాళెగాని వంశము భట్టుల నోట ఉండెడిది. ఇప్పుడది పింఛను పట్టీలోనికి ఎక్కినది. ఉయ్యాలవాడ ఇంటికి నిర్ణయించినది నెలకు రూ. 70. అందు సగము చినమల్లారెడ్డి శాఖకు పోయెను. మిగిలిన రూ. 35 పెదమల్లారెడ్డి శాఖది. పెదమల్లారెడ్డి కుమారులు ముగ్గురు. వారిలో ఒకడు నరసింహారెడ్డి. ముప్పదియైదును మూడు పాళ్లు చేసిన ఒక్కొక్క పాలు 11 రూపాయల 10 అణాల 8 పైసలు. రూపాయికి 16 అణాలు, అణాకు 12 పైసలు అను లెక్క 1957లో పోయినది గనుక, ఇంటిలోని పిల్లలు నమ్మనిచో కాగితముపై వేసి చూపవచ్చును. పైస కూడ తేడా రాదు. ఒక వంశవృక్షమును ఇంత కచ్చితముగా చెప్పిన భట్టు వేరొకడు లేడు.

పాళెము ఉన్నంత కాలము గద్దె ఒక్కనిదే. ఒకడు పాళెగాడు, తక్కినవారు అతని వెంట నడచు తమ్ములు. పింఛను అట్టిది కాదు. అది అన్నదమ్ముల పాళ్లకు వచ్చు సొమ్ము. ఆ కాలముననే ఇంగ్లండులో ప్రభువుల యిండ్ల పద్ధతి యెట్లుండెనో చూడుడు. 1846 జూన్ చివర రాబర్టు పీల్ ప్రధానమంత్రి పదవి వదలగా లార్డు జాన్ రస్సెల్ ఆ పదవికి వచ్చెను. రస్సెల్ బెడ్‌ఫర్డు డ్యూకునకు మూడవ కుమారుడు. డ్యూకు బిరుదు, దానితోడి భూములు పెద్ద కుమారునికి చెందెను. మూడవవాడు దేశమునకు ప్రధాని కాగలిగెను గాని తండ్రి యెస్టేటును మూడు ముక్కలు చేయలేదు. తమ యిండ్లలో ఆస్తి చీలకుండ ఇంత జాగ్రత్త పడిన జాతివారు, పాళెగాని యింట గద్దె పోయిన పిదప మిగిలినది తరతరమునకు చీలిపోవుచుండగా చూచుచుండిరి. అది కావలెనని చేసిన యుక్తి యని మేము అనము. చీలుట వలన బాధ మాత్రము వారిది కాదు.

ఇంతలో నొస్సము సంగతి వచ్చినది. నొస్సము జమీందారు జయరామిరెడ్డి నరసింహారెడ్డికి తాత వరుస. ఆయన వారసుడు లేక మరణించగా ఆ పింఛను సర్కారులో కలిసిపోయెను. అందు తనకు భాగము రావలెనని నరసింహారెడ్డి అర్జీ పెట్టుకొనెను. సర్కారు కాదనెను. పింఛను తెచ్చుటకు పంపిన మనిషిని తాసిల్దారు తూలనాడి త్రిప్పి పంపెనని రేనాటివారు చెప్పుకొందురు. పాటలలో ఈ అవమానమే ముందు వచ్చును, అర్జీ వెనుకబడును. అది సహజము, అర్జీని పాడుట కష్టము.

పదకొండు రూపాయల మనిషి వెంట వందలమంది యేల నడచిరి? వారికి కూడ ఇట్టి బాధయే యున్నది. ఊరి కావలి కాయు కట్టుబడులకు తాతలనాటినుండి మాన్యములు ఉండెడివి. అనుభవించువాడు మరణించిన పిదప ఆ మాన్యమును సర్కారు కలుపుకొను ఏర్పాటు వచ్చినది. తండ్రి పోయిననాడే కొడుకు చేను పోవును. పాళెగాని యింట తరతరమునకు తరిగినది, కట్టుబడి యింట ఒక్క తరముతో తెగినది. 1846 జూలైలో వీరందరు నరసింహారెడ్డి వెంట కోవెలకుంట్ల ఖజానాపై పడిరి. వడ్డె ఓబన్న వారిలో ముఖ్యుడు. తాసిల్దారు హతుడయ్యెను. రుద్రవరము, గిద్దలూరు ప్రాంతములలో జరిగిన పోరులు, కాప్టెను నాట్, లెఫ్టినెంటు వాట్సను దండులు వెంటబడిన తీరు శ్రోతలు వినియే యుందురు.

ఆయన సంసారమును గూర్చి అంతగా వినియుండరు. భార్యలు ముగ్గురు: సిద్దమ్మ, పేరమ్మ, ఓబులమ్మ. సిద్దమ్మకు ఒక కుమారుడు, పేరమ్మకు ఒక కుమార్తె, ఓబులమ్మకు ఇద్దరు కుమారులని వంశకథ. దండులకు చిక్కని మనిషిని చిక్కించుకొనుటకు సర్కారువారు ఈ కుటుంబమును కడపలో నిర్బంధించిరని, వారిని విడిపించుకొను ఆరాటముననే ఆయన అడవి మాటు వదలి తిరిగెనని చెప్పుదురు. 1846 అక్టోబరు 6న పేరుసోమల సమీపమున పట్టుబడెను. ఆ తావు నొస్సమునకు దూరము కాదు. ఏ యింటి పింఛనులో భాగమడిగెనో ఆ యింటి నేలమీదనే దొరికెను.

1847 ఫిబ్రవరి 22న కోవెలకుంట్లలో, కడప కలెక్టరు కాక్రేను ఎదుట, రెండు వేలకు పైగా జనము చూచుచుండగా ఉరి తీసిరి. ఆ తాలూకా అప్పటికి కడప జిల్లాలోనిది. 1858లో కర్నూలు జిల్లాకు వచ్చినది, 2022లో నంద్యాల జిల్లాకు వచ్చినది. ఉరితో శిక్ష ముగియలేదు. తలను కోటగోడపై వ్రేలాడదీసి విడిచిరి.

ఆ తల అచ్చట ఉండగానే 1866లో కరువు వచ్చినది. అదే ఉయ్యాలవాడలో బుడ్డా వెంగళరెడ్డి అను గృహస్థు గాదెలు తెరిచి, వచ్చినవారికెల్ల గంజి పోయించెను. విక్టోరియా రాణి పేర ఆయనకు బంగారు పతకము వచ్చినది. ఒకే ఊరివారు, ఒకే రాణి కాలమువారు. వీరిద్దరిని కలిపి రేనాటి సూర్యచంద్రులని తంగిరాల వెంకట సుబ్బారావుగారు తమ గ్రంథమునకు పేరు పెట్టిరి. పతకము వచ్చిననాడు ఉయ్యాలవాడవారు కోవెలకుంట్ల కోట వైపు చూడకుండ ఉండిరని మేము అనుకొనజాలము.

1877లో గాని ఆ తల క్రిందికి దిగలేదు. ఆ సంవత్సరము జనవరి 1న ఢిల్లీ దర్బారులో విక్టోరియాను భారత చక్రవర్తినిగా చాటిరి. రేనాట అప్పుడు ధాత కరువు. తండ్రిని ఉరి తీసిననాటికి తల్లి ఒడిలోనున్న బిడ్డకు కూడ అప్పటికి ముప్పది యేండ్లు.