చావు కబురు క్యాంపుకి చేరిన తీరు

1973లో చమురు ధర పెరిగాక గల్ఫ్‌లో కట్టడాల పని పెరిగింది. కరీంనగర్, నిజామాబాద్ పల్లెల నుంచి, కోనసీమ, కడప వైపు నుంచి మనవాళ్లు బొంబాయి మీదుగా ఇటు వచ్చారు. వాళ్లెంత సంపాదించారో, ఎంత పంపారో చాలామంది రాశారు. ఊళ్లో అమ్మో, భార్యో పోతే క్యాంపులో ఉన్న మగాడి గతేంటో రాసినవాళ్లు తక్కువ. పాతకాపులు చెప్పిందీ, మేము సైట్లలో చూసిందీ కలిపి ఇక్కడ పెడుతున్నాం.

మొదట్లో కబురంటే ఉత్తరమే. అది చేరేసరికి ఊళ్లో దినాలు కూడా అయిపోయేవి. తొందర కబురైతే టెలిగ్రాం (ఇండియాలో ఆ సేవ 2013 జూలైలో మూతపడింది). తర్వాత ఊళ్లకు ఎస్టీడీ బూతులొచ్చాయి. కంపెనీ ఆఫీసుకు ఫోనొస్తే ముందు రూమువాళ్లకే తెలిసేది. వాళ్లు వెంటనే చెప్పేవారు కాదు. మనిషి డ్యూటీ దిగి, స్నానం చేసి, నాలుగు మెతుకులు తిన్నాక, వయసులో పెద్దాయన పక్కన కూర్చొని "నాన్నకు బాగా లేదంట తమ్మీ" అని మొదలుపెట్టేవాడు. దాన్ని మోసం అనేవాళ్లున్నారు. మేమలా అనుకోం. పరంజా మీదున్న మనిషికి చెప్పే మాటా అది!

ఊరెళ్లడం ఇంకో తిప్పలు. పాస్‌పోర్టు కంపెనీ దగ్గర, వచ్చినప్పటి అప్పు నెత్తి మీద. రూమువాళ్లు చందా వేసి టికెట్ తీసేవారు. పోలేనివాడికి ఇక్కడే గుండు గీసి, ఆ పది రోజులూ అతని వంటపాళీ తామే చేసేవారు.

2020 మార్చిలో విమానాలు ఆగాయి. మే 7న వందే భారత్ విమానాలు మొదలయ్యాయి గానీ సీటు దొరకడం గగనమైంది. ఊళ్లో తలకొరివి అల్లుడో, పాలివాడో పెడితే కొడుకు ఇక్కడ ఫోన్‌లో చూశాడు. జబ్బు భయానికి పక్క మంచంవాడు కూడా దగ్గరికి రాలేకపోయాడు.

ఎమిరేట్స్‌లో 2022 ఫిబ్రవరి నుంచి అమల్లో ఉన్న కార్మిక చట్టంలో దీనికి జీతంతో సెలవుంది: భార్య పోతే 5 రోజులు, తల్లిదండ్రులు, పిల్లలు, తోబుట్టువులు పోతే 3 రోజులు. మూడు రోజుల్లో ఊరికి పోయి రావడం అయ్యే పని కాదు. అయినా ఆ మూడు రోజులు పనిలోకి రమ్మనకుండా అడ్డుపెట్టుకోవడానికి ఒక చట్టముంది. ఇది మన ఫోర్‌మన్‌లలోనే చాలామందికి తెలియదు.

ఇప్పుడు కబురు నిమిషంలో వస్తోంది, నేరుగా అతని జేబులోకే. ఏడో అంతస్తులో రాడ్ కడుతుండగా వీడియో కాల్ వస్తుంది, పక్కన పెద్దాయన ఉండడు. అందుకే కొన్ని రూముల్లో ఇంటివాళ్లకు రూమ్మేట్ నంబరు కూడా ఇచ్చి ఉంచుతున్నారు, అలాంటి కబురు ముందు ఆ నంబరుకే చెప్పమని.