కదలిక కొరకు వెదకులాట

తెరమీద బొమ్మ కదలుచున్నదని మనమందుము. నిజమునకు సెకనుకు 25 లేక 30 నిశ్చల చిత్రములు ఒకదాని వెంట ఒకటిగా వచ్చుచుండును. వార్తలు చదువు వ్యక్తి వెనుకనున్న గోడ మారదు; పెదవులు, కనురెప్పలు మాత్రము కదలును. ఇక ప్రతి చిత్రమును మొదటినుండి పంపనేల? ‘ఈ ముక్క క్రిందటి చిత్రములో ఫలానాచోట నుండెను’ అని తెలిపి, మిగిలిన భేదమును మాత్రము పంపిన చాలును. ఆ ఫలానాచోటును కనిపెట్టుటలోనే కష్టమంతయు నున్నది. దానినిగూర్చియే మేమిచట ముచ్చటింపదలచితిమి.

చిత్రమును 16 చుక్కల పొడవు, 16 చుక్కల వెడల్పు గల గళ్ళుగా విభజింతురు. గడి ఏ దిక్కునకైనను 7 చుక్కల వరకు జరిగియుండవచ్చునన్నచో వెదకవలసిన స్థానములు 225. ఒక్కొక్క స్థానమున పోల్చవలసిన చుక్కలు 256. అనగా ఒక్క గడికి 57,600 పోలికలు. 352 చుక్కల వెడల్పు, 288 చుక్కల ఎత్తు గల చిన్నచిత్రములో 396 గళ్ళుండును. సెకనుకు 30 చిత్రములైనచో లెక్క 68 కోట్లు దాటును! 1980 ప్రాంతపు యంత్రములకు ఇది మోయరాని బరువు.

1981లో రెండు ఉపాయములు వెలువడినవి. జస్వంత్ జైన్, అనిల్ జైన్ గార్లు ఒకటి, జపానులో కోగా, ఆయన సహచరులు మరియొకటి ప్రకటించిరి. రెండవదానికి మూడంచెల వెదకులాట యని పేరు. దూడ తప్పిపోయిన రైతు బీడు నడుమ నిలిచి ఎనిమిది దిక్కులు పరికించి, జాడ కనబడిన వైపునకు సాగి, మరల అచట వెదకును గదా! ఇదియు నట్లే. మొదట 4 చుక్కల దూరమున, పిదప 2, తుదకు 1. చూడవలసినవి మొత్తము 25 స్థానములే. 1985లో మద్రాసు విశ్వవిద్యాలయ పట్టభద్రులైన కె. ఆర్. రావుగారు శ్రీనివాసన్ గారితో కలిసి, ఒకసారికి ఒక్క దిక్కుననే నడచు మార్గమును ప్రకటించిరి.

అయితే నిజమైన చోటు సమీపించుకొలది పోలిక క్రమముగా పెరుగునను నమ్మకము వీనియన్నిటి క్రింద దాగియున్నది. గళ్ళచీర ఎదురైనచో ఆ నమ్మకము వమ్మగును. పొరుగువాని దూడను తోలుకొని వచ్చినట్లగును. అప్పుడు పంపవలసిన భేదము పెరుగును. దారి ఇరుకైనచో తెరపై బొమ్మ గళ్ళుగళ్ళుగా విరుగును.

ఇచట చరిత్ర వింత మలుపు తిరిగినది. 1989లో చిప్పులకై ప్రకటితమైన ప్రసిద్ధ నిర్మాణములు 225 స్థానముల మొరటుదారినే పట్టినవి! కారణము కలదు. చిప్పులో లెక్కకంటె మెమరీనుండి చుక్కలను తెచ్చుట ప్రయాస. మొరటుదారిలో తరువాత ఏ చుక్క కావలయునో ముందే తెలియును. నూతినుండి బిందెలు చేతులు మారినట్లు, ఒకసారి తెచ్చిన చుక్క ప్రక్కప్రక్క గణకములకు అందుచుండును. మూడంచెలలోనో, ఒక అంచె ముగియనిదే రెండవదానికి ఎటు పోవలయునో తెలియదు. కాగితముపై తొమ్మిదవ వంతైన పని చిప్పులో తొమ్మిదవ వంతు కాలేదు. పోలికలను మాత్రమే లెక్కించి విజయము చాటు వ్యాసములపై మాకు అనుమానము కలుగుట ఇందుచేతనే.

2003లో వచ్చిన హెచ్.264 ప్రమాణము గడిని 4 చుక్కలవరకు చీల్చుటకును, పెక్కు పాతచిత్రములలో వెదకుటకును అనుమతించెను. దానితో మొరటుదారి చిప్పులకును బరువయ్యెను; తెలివైన వెదకులాటలు మరల వెలకెక్కెను. ఈ ప్రమాణము ఎట్లు వెదకవలెనో శాసింపదు. వచ్చినదానిని ఎట్లు విప్పవలెనో మాత్రమే చెప్పును. కావున పంపువారు మెరుగైన వెదకులాటను కనిపెట్టినచో, మన యింటి పాత పెట్టెలో సైతము బొమ్మ తేటపడును.