డబ్బాల వెనక తెలుగు

కంప్యూటర్లో కొత్త విండోస్ వేసుకోగానే తెరమీద తెలుగు మాయమై డబ్బాలు కనబడటం మనలో చాలామంది చూసిందే. ఇవాళ ఆ డబ్బాల చరిత్ర చెప్పుకుందాం. జబ్బు ఏ కాలానిదో తెలిస్తే మందు వెతకడం తేలికండీ.

ముందు మా ఇంటి సంగతి. మా నాన్నగారు తన చిన్ననాటి ఊరి కబుర్లు, చుట్టాల వివరాలతో సహా, హైదరాబాదులో ఒక డీటీపీ షాపులో టైపు చేయించి 1999లో ఫ్లాపీల మీద నాకు పంపించారు. షాపువాళ్ల ఫాంటు ఇంకో ఫ్లాపీలో వచ్చింది. అప్పుడు నాది విండోస్ 98. ఫాంటు వేసుకుని హాయిగా చదువుకున్నాను. 2003లో డిస్కు ఫార్మాట్ చేసి ఎక్స్‌పీ వేశాను. ఫైళ్లన్నీ ముందే సీడీకెక్కించాను కానీ ఫాంట్ల ఫోల్డరు సంగతి తట్టనే లేదు. తెరిచి చూస్తే నలభై పేజీల నిండా ఇంగ్లీషు అక్షరాలు, డాలరు గుర్తులు, నెత్తిన చుక్కలున్న యూరప్ అక్షరాలు. వైరస్ పట్టిందనుకున్నాను.

వైరస్ కాదు. ఆ రోజుల్లో మన కంప్యూటర్లకి తెలుగు అనే భాష ఉందనే తెలియదు. ఫాంటు చేసేవాళ్లు ఇంగ్లీషు అక్షరాల గళ్లలోనే మన తలకట్లు, గుడులు, వత్తులు ముక్కలుముక్కలుగా కూర్చిపెట్టేవారు. యంత్రం లెక్కలో అది ఇంగ్లీషే, పైన తెలుగు వేషం వేశామంతే. పైగా ఏ ముక్క ఏ గడిలో పెట్టాలన్నది ఎవరిష్టం వారిది. అందుకే ఒక పత్రిక ఫాంటుతో ఇంకో పత్రిక చదవలేకపోయేవాళ్లం. వేషం తీసేస్తే లోపలి ఇంగ్లీషు బయటపడింది, అదీ నాకు జరిగింది.

ఈ గొడవ లేకుండా 1990ల మొదట్లోనే ఒక దారి వేసినవాళ్లు మన ప్రవాసులే. హ్యూస్టన్‌లోని రైస్ విశ్వవిద్యాలయంలో కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ గార్లు తెలుగుని ఇంగ్లీషు అక్షరాల్లో రాసే పద్ధతి చేశారు. ఆర్‌టీఎస్ అంటే అదే, అందులో ఆర్ అంటే రైస్. చూడటానికి పేదగా ఉండేది గానీ, అలా దాచుకున్న రాతలు ఏ విండోస్ మార్చినా చెడలేదు. అందమైన ఫాంట్లలో చేయించుకున్నవే చెడ్డాయి.

ఇక యూనికోడ్. 1991లో వచ్చిన మొదటి కూర్పులోనే, మన దేశపు ఇస్కీ పద్ధతిని అనుసరించి, తెలుగుకి 128 స్థానాలు కేటాయించారు. మరి అప్పుడే మన కష్టాలు తీరలేదేం? స్థానాలుంటే సరిపోదు. క్ష అనే అక్షరం యూనికోడ్‌లో క, పొల్లు, ష అని మూడుగా ఉంటుంది. ఆ మూడింటినీ కలిపి ఒక్క రూపంగా గీసే యంత్రాంగం కంప్యూటర్లో ఉండాలి. విండోస్ 2000లో అది హిందీకీ తమిళానికీ వచ్చింది. తెలుగు ఎక్స్‌పీ దాకా ఆగింది. 2001 అక్టోబరు 25న విడుదలైన ఎక్స్‌పీలో గౌతమి అనే ఫాంటుతో మనకి చోటు దొరికింది.

దొరికింది గానీ తాళం వేసి ఉంది! కంట్రోల్ ప్యానెల్లో ప్రాంతాలు, భాషల పేజీకెళ్లి, సంక్లిష్ట లిపులు, కుడి నుంచి ఎడమకి రాసే భాషలు అన్న గడిలో టిక్కు పెట్టాలి. పక్కన థాయ్‌తో సహా అని రాసుండేది, తెలుగు పేరు మాత్రం ఉండేది కాదు. తర్వాత ఎక్స్‌పీ సీడీ పెట్టమనేది. అది ఎక్కడుందో ఇంట్లో ఎవరికీ తెలిసేది కాదు. 2007లో ఇళ్లకొచ్చిన విస్టాతో ఆ టిక్కు అవసరం పోయింది.

కాబట్టి తెరమీద ఏం కనబడుతోందో చూసి జబ్బు పోల్చుకోవచ్చు. డబ్బాలైతే అసలు తెలుగు ఫాంటు లేదు. అక్షరాలుండి వత్తులు, గుణింతాలు విడివిడిగా పడుతుంటే కలిపే యంత్రాంగం లేదు. ఇంగ్లీషు పిచ్చిరాతలైతే పాత ఫాంటు వేషం. ప్రశ్నార్థకాలు మాత్రం చెడ్డవండీ. యూనికోడ్ తెలియని ప్రోగ్రాములో ఒకసారి అలా సేవ్ అయిపోతే అక్షరం నిజంగా పోయినట్టే.

విండోస్ 10, 11లలో ఇంకో చిన్న మెలిక ఉంది. తెలుగు నిర్మలా ఫాంటులో కనబడుతుంది. గౌతమి, వాణి మాత్రం విడిగా తెచ్చుకోవాల్సిన అదనపు ఫాంట్లయ్యాయి. పాత పెళ్లిపత్రిక ఫైలు వరసలు తప్పితే సెట్టింగుల్లో తెలుగు సప్లిమెంటల్ ఫాంట్లు చేర్చుకోండి. ఫోన్లకీ ఈ బాధ తప్పలేదు. 2018 ఫిబ్రవరిలో, జ్ఞా మధ్యలో కంటికి కనబడని ఒక గుర్తు ఉన్న సందేశం వస్తే ఐఫోన్లలో యాప్‌లు కూలిపోయాయి. జ్ఞానం ఎక్కువైందని మా పిల్లలు నవ్వారు. ఆ నెల 19న వచ్చిన అప్‌డేట్‌తో సర్దుకుంది.

నాన్నగారి ఫైలు ఏమైందంటారా? ఫాంటున్న ఫ్లాపీ పాడైపోయింది. ఆ షాపు మూసేశారు, చేతిరాత ప్రతి వాళ్ల దగ్గరే ఉండిపోయింది. వెన్న నాగార్జున గారు ఫైర్‌ఫాక్స్ కోసం చేసిన పద్మ అనే పరికరం పాత ఫాంట్లని యూనికోడ్‌లోకి మార్చేది, అందులోనూ మా ఫాంటు లేదు. నాన్నగారి దగ్గర మొదటి ముప్ఫై పేజీల ప్రింటుంది. ఆదివారాలు కాలింగ్ కార్డు గీకి ఫోను చేసేవాణ్ణి. ఆయన పదం పదం చదివేవారు, నేను తెరమీద ఏ గుర్తుకి ఏ ముక్కో పట్టిక రాసుకునేవాణ్ణి. రెండు నెలలు పట్టింది. చివరి పది పేజీలు ఆ పట్టికతోనే చదివాను.

ముప్ఫై ఏడో పేజీలో మా జేజమ్మగారి తోటికోడలి పేరుంది. అందులో మొదటి గుర్తు ఇంకెక్కడా రాలేదు. నాన్నగారినడిగితే, "అందరూ చిన్నమ్మి అనేవాళ్లురా. అసలు పేరు మా మేనత్తనడిగి రాయించాను. ఆవిడ కిందటేడే పోయింది" అన్నారు.

ఇప్పటికీ నా యూనికోడ్ ప్రతిలో ఆ చోట ఒక చుక్క, ఆ తర్వాత "మ్మ" అని ఉంది.